గార పండ్ల చరిత్ర

మన పల్లెలలో ఒకని పండ్లు గోధుమవన్నెగా కనిపించినచో, పండ్లు సరిగా తోముకొనడని తీర్పు చెప్పుట పరిపాటి. సంబంధము చూడవచ్చినవారు పిల్ల నవ్వినంతనే మొగము త్రిప్పుకొనుటయు కలదు. ఆ పిల్ల వేపపుల్లతో, ఉప్పుతో, కచ్చికపొడితో చిగుళ్లు నెత్తురు కారువరకు తోమినను ఆ గార వదలదు. ఏలయన, అది మురికి కాదు. పసితనమున ఆమె త్రాగిన నీరు పంటిలో వదలిన గురుతు. ఈ సంగతి వైద్యలోకమునకు తేటపడుటకు ముప్పది సంవత్సరములు పట్టినది. ఆ కథలో మన తెలుగునేలకును ఒక ముఖ్యమైన స్థానమున్నది.

1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమున ఫ్రెడరిక్ మెకే అను యువ దంతవైద్యుడు వృత్తి ప్రారంభించెను. అచట పుట్టి పెరిగినవారి పండ్లపై గోధుమరంగు మచ్చలుండెను. పెద్దవయసున వచ్చి స్థిరపడినవారికి అవి లేవు. ఈ భేదమే ఆయనకు దారి చూపినది. పన్ను ఏర్పడు వయసున ఏదియో లోపలికి పోవుచుండవలెను. అది త్రాగునీటి ద్వారా పోవుచుండవలెనని ఆయన ఊహించెను. ఆ నీటిలో దాగినది ఫ్లోరైడు అని 1931లో చర్చిల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తేల్చెను.

తరువాత ఆరేండ్లకే ఈ వ్యాధి విషయమున నెల్లూరు జిల్లా పేరు వైద్యపత్రికల కెక్కినది. మేలుజాతి పశువులకు పేరుమోసిన జిల్లా అది. 1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అధిపతి షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనువారలతో కలిసి, మదరాసు రాజధానిలో ఫ్లోరైడు వ్యాధి పాతుకొనియున్నదని ప్రకటించెను. పండ్లపై మచ్చ ఆ వ్యాధికి మొదటి పుట మాత్రమేయని వారి పరిశీలనలో వెల్లడియైనది. ఏండ్ల తరబడి ఆ నీరే త్రాగిన పెద్దలలో కొందరికి వెన్నెముక కొయ్యవలె బిగిసిపోయినది. మెడ త్రిప్పుటకు, వంగుటకు వారికి శక్యము కాకుండెను. ఎక్స్‌రే చిత్రములలో ఎముకలు మామూలుకన్న దట్టముగా కనిపించినవి. కీళ్లవాతమనియో, వయసు పైబడినదనియో సరిపెట్టుకొనదగిన బాధ కాదది. బావి నుండి వచ్చినది.

1940లో పండిట్, ఆయన సహచరులు దక్షిణదేశమున పిల్లల పండ్ల మచ్చలను, పెద్దల ఎముకల వికారమును కలిపి పరిశీలించి, వాని కారణములను విచారించిరి. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని రోగులను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. ఆ జిల్లా పేరే ఒక చికిత్సకు పేరైనది. నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ 1970ల దశకమున, నీటికి సున్నమును, పటికను తగుపాళ్లలో కలిపి, బాగుగా కలియబెట్టి, తేర్చి, పైతేట తీసికొను విధానమును రూపొందించినది. దానినే ‘నల్లగొండ పద్ధతి’ అందురు. పాళ్లు నీటిని బట్టి మారును గనుక ముందు నీటిని పరీక్షించుట తప్పనిసరి.

ఇక ఈ మచ్చను ఇంటిలో గుర్తించుట ఎట్లు? వక్కాకు, చుట్ట, కాఫీల వలన పట్టు మరక పంటి పైననే ఉండును. చిగురుల అంచున, పండ్ల సందులలో ఎక్కువగా చేరును. వైద్యుడు గీకిన ఊడివచ్చును. పుచ్చు ఒక పంటి గుంటలోనో, రెండు పండ్ల నడుమనో మొదలిడి, తొలుచుకొనుచు లోనికి పోవును. చల్లని నీరు తగిలిన జివ్వుమనును. ఫ్లోరైడు మచ్చ అట్టిది కాదు. అది పలుచనైన తెల్లని అడ్డగీతలుగా, సుద్ద పూసినట్లుండు పొడలుగా మొదలగును. కుడివైపు పంటికున్నట్లే ఎడమవైపున దానికి జత పంటికిని ఉండును. కాలక్రమమున గోధుమరంగు తిరుగును; ముదిరినచో పింగాణీవంటి పైపొర గుంటలు పడును. పాలపండ్లలో తక్కువ, పెరుగు పండ్లలోనే స్పష్టము. ఒక వీధి పిల్లలలో పలువురికి ఇట్లే కనిపించినచో, తప్పు పుల్లది కాదు, నీటిదని తలపవలెను.

ఇంకొక హెచ్చరిక. సుమారు ఎనిమిదేండ్లు దాటిన పిమ్మట అట్టి ఊరికి చేరినవానికి ముందరి పండ్లపై మచ్చ పడదు. కాని ఎముకలకు ఆ రక్షణ లేదు. కావున పండ్లు తెల్లగానున్నవని పెద్దలు నిశ్చింతగా ఉండరాదు. మితమైన ఫ్లోరైడు పుచ్చు నుండి కాపాడునన్నమాటయు నిజమే. కీడు మితము దాటుటలో నున్నది. మన దేశపు ప్రమాణము లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతి. నీరు కాచినందువలన ఫ్లోరైడు పోదు, ఆవిరియైనకొలది చిక్కబడును.

సోమల, పుంగనూరు, మదనపల్లె వైపుల రాతినేలపై కాపురముండువారికి ఇది పరాయి కథ కాదు. వాననీరు, చెరువునీరు రాతితో ఎక్కువకాలము పొత్తు చేయవు. లోతు బోరులోని నీరు ఏండ్లతరబడి రాతిలో నాని వచ్చును. ఫ్లోరైడు గల ఖనిజములు ఆ రాతిలో ఉన్నచో నీటిలోనికి దిగును. అయినను ఒక బావిని చూచి ప్రక్క బావిని నిర్ణయింపరాదు. రుచి, వాసన, రంగు ఏమియు చెప్పవు. పరీక్షయే చెప్పవలెను. కనుక బడి పిల్లలలో ఈ గురుతు చూచిన పంతులుగారు బెత్తము తీయక, ఆ నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపునట్లు చూడవలెను. పడిన మచ్చ మాయదు. కాని ఆ నీరు మార్చినచో తమ్ముని పండ్లు తెల్లగా మొలచును, తాత నడుము బిగిసినట్లు తండ్రి నడుము బిగియదు.