నాలుగు పలకల కాడ

ఇలా నెగడు దగ్గరికి జరగండర్రా. గాలికొండ, అనంతగిరి అడవుల్లో మేం మొక్కలు సేకరించిన రోజుల ముచ్చట చెప్తాను.

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ని. వానలు వెనకబట్టి కార్తీకం వచ్చిందంటే కుర్రాళ్లని వెంటేసుకుని కొండెక్కేవాణ్ని. తుమ్మి, అడవి తులసి, మోగబీర అప్పుడు నిండు పూత మీద ఉంటాయి. అన్నీ తులసి కుటుంబమే. లేతకాడని రెండువేళ్ల మధ్య పెట్టి దొర్లిస్తే నాలుగు పలకలు తగుల్తాయి. ఆకులు ఎదురెదురుగా జంటలు. పువ్వుకి పైపెదవి, కిందిపెదవి. అడుగున నాలుగు గింజలు.

ఏ తుమ్మో తేల్చాలంటే మాత్రం పువ్వొక్కటే చాలదు. పువ్వు రాలాక మిగిలే పచ్చని గిన్నెని భూతద్దం కింద పెట్టాలి. మూతి ఏటవాలుగా ఉందా, సమంగా ఉందా? పళ్లు పొడుగా, పొట్టా? లోపల నూగుందా? గుట్టంతా అక్కడే. 1940లో వృక్షశాస్త్రవేత్త ముఖర్జీ గారు దేశంలోని తులసి కుటుంబాన్నంతా సరిచూసి రాశారు. తర్వాత మన విశాఖ కొండల్లో దొరికిన కొత్త తుమ్మికి ఆయన పేరే పెట్టారు, ల్యూకాస్ ముఖర్జియానా అని.

మాకు ఆధారం గాంబుల్ దొర రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల పుస్తకం. 1915లో మొదలైంది. ఆయన పోయాక ఫిషర్ అందుకుని 1936కి ముగించాడు. అందులో టేకు, వావిలి వేరే కుటుంబం. ఇప్పుడు వాటినీ తులసి కుటుంబంలోకే తెచ్చారు. లేత టేకుకొమ్మ తడిమి చూడండి, దానికీ పలకలే!

పొద్దుగూకితే అసలు పని మొదలు. పూత, కాయ, ఆకు కనబడేలా కొమ్మని పాత పేపర్ల మధ్య పరిచి, చెక్కల నడుమ బిగించేవాళ్లం. ఒక ఆకుని తిరగేసి పెట్టాలి, అడుగు కూడా కనబడాలి. కాగితాలు రోజూ మార్చాలి, లేకపోతే బూజే. మంచు కురిసే రాత్రులు తడి కాగితాల్ని నెగడు సెగకే ఆరబెట్టేవాళ్లం. చీటీ మాత్రం మొక్క దగ్గర నిలబడే రాయాలి. ఎండితే పువ్వు రంగు పోతుంది, వాసన పోతుంది. రాసుకున్నదే మిగిలేది.

ఓ కొండదొర తెగ ముసలమ్మ మా కూడా వచ్చి ప్రతి మొక్కకీ పేరు చెప్పేది, దేనికి వాడతారో చెప్పేది. "పేర్లు చెప్తాను గానీ, గింజ రాలకుండా అన్నీ పీకెయ్యకు బాబూ" అంది ఓసారి. ఆ తర్వాత పది మొక్కలున్న చోట ఒకటే తీసేవాళ్లం, ఒంటరిది కనబడితే ముట్టుకోకుండా వివరాలు రాసుకునేవాళ్లం. ఆవిడ చెప్పిన పేర్లు చీటీల మీద ఉన్నాయి కాబట్టే ఈనాటికీ దక్కాయి.

మీరూ కొండకెళ్తే చీటీ రాయండర్రా. ఊరు, తేదీ, పువ్వు రంగు, అక్కడి పెద్దలు పిలిచే పేరు. ఆ నాలుగూ లేని మొక్క ఎంత అందంగా ఎండినా, దాన్ని చూసి తర్వాతివాళ్లు నేర్చుకునేది తక్కువే.