వేడెక్కిన నీటిలో చేపను కదిపే ముందు: కొల్లేరు ప్రాంత చేపల రైతులకు సూచనలు

ఏలూరు, కైకలూరు, ఆకివీడు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల చేపల రైతుకు మార్చి నుంచి జూన్ వరకు గడ్డుకాలం. ఈ నెలల్లో చాలా చెరువుల్లో చేప ఒక్క ఎండ వల్లే చనిపోదు. నీరు బాగా కాగి ఉన్న రోజు శాంపిల్ కోసం వల లాగుతాం. దూరం నుంచి తెచ్చిన పిల్లను మిట్టమధ్యాహ్నం వదులుతాం. ఆ రోజు చేప బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు మూడు రోజుల తర్వాత తేలడం మొదలవుతుంది. అప్పుడు రోగం వచ్చిందనుకుని మందులు కొంటాం. లీజు, మేత అప్పుల మీద నడిచే ఎకరం రెండెకరాల రైతుకు ఇది రెండు వైపులా నష్టం. వేడి నీటిలో చేపను ఎప్పుడు కదపాలి, ఎలా కదపాలి అన్నది తెలుసుకుంటే ఈ నష్టంలో చాలా భాగం తప్పించుకోవచ్చు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

విదేశాల్లో సరదా కోసం గాలం వేసి, పట్టిన చేపను తిరిగి నీటిలో వదిలేసే అలవాటు ఉంది. అలా వదిలిన చేప బతుకుతుందా లేదా అన్న దానిపై శాస్త్రవేత్తలు చాలా ఏళ్లుగా పరిశోధన చేస్తున్నారు. మన దేశంలో కావేరి నదిలో మహాసీర్ చేపల మీద కూడా ఇలాంటి అధ్యయనం జరిగింది. వీటన్నిటిలో తరచూ కనిపించిన విషయాలు మూడు:

1. చేప ఎంత ఎక్కువసేపు పెనుగులాడితే, దాని రక్తంలో లాక్టిక్ ఆమ్లం అంత పెరుగుతుంది. కోలుకోవడానికి అంత ఎక్కువ ప్రాణవాయువు కావాలి.
2. చేపను నీటి బయట ఉంచితే మొప్పల్లోని సన్నని పొరలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. గాలిలో ఎంత ప్రాణవాయువు ఉన్నా చేపకు అందదు.
3. నీరు ఎంత వేడిగా ఉంటే, పై రెండింటి వల్ల కలిగే నష్టం అంత ఎక్కువ. చావు వెంటనే రాకపోవచ్చు, ఒకటి రెండు రోజుల తర్వాత రావచ్చు.

అమెరికాలోని మాంటానా రాష్ట్రంలో ట్రౌట్ చేపలుండే నదుల్లో నీటి ఉష్ణోగ్రత వరుసగా 3 రోజులు 73 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 23 డిగ్రీల సెల్సియస్ తాకితే, మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి వరకు గాలం వేయకుండా ఆంక్షలు పెడతారు. ట్రౌట్ చల్లని నీటి చేప. మన శీలావతి, బొచ్చెలకు 25 నుంచి 32 డిగ్రీల వరకు అనుకూలమే కాబట్టి ఆ అంకె మనకు పనికిరాదు. కానీ ఆ నియమం వెనకున్న సూత్రం మన చెరువుకూ వర్తిస్తుంది: నీరు వేడిగా ఉన్న గంటల్లో చేపను ముట్టుకోకూడదు.

సముద్రంలో చేప కదిలిపోతుంది, చెరువులో కదలలేదు

భూతాపం వల్ల పెరుగుతున్న వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే పీల్చుకుంటున్నాయి. దాంతో సముద్రపు చేపలు తమకు అనుకూలమైన నీటిని వెతుక్కుంటూ వెళుతున్నాయి. ఒకప్పుడు ఎక్కువగా కేరళ, కర్ణాటక తీరాల్లో దొరికే నూనె కవళ్లు తర్వాతి కాలంలో తూర్పు తీరంలోనూ పడటాన్ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నమోదు చేశారు. చెరువులో చేపకు ఆ వీలు లేదు. నాలుగు గట్ల మధ్యే బతకాలి. అందుకే దాని బదులు మనమే పని వేళలు మార్చుకోవాలి.

చేపపిల్లల ఉత్పత్తి కాలం కూడా మారింది. పశ్చిమ బెంగాల్, ఒడిశా హేచరీల్లో ఒకప్పుడు వానలతో మొదలయ్యే శీలావతి, బొచ్చె, ఎర్రమోసుల ప్రజననం ఇప్పుడు మార్చి నుంచే మొదలవుతున్నట్టు పరిశోధకులు గమనించారు. పిల్ల ముందుగా దొరకడం మంచిదే. కానీ ఎండ ముదిరిన రోజుల్లో పిల్లను రవాణా చేయాల్సి వస్తుంది కాబట్టి జాగ్రత్త పెరగాలి.

వేడి నీటిలో చేపకు ఊపిరి ఎందుకు అందదు?

నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. మంచినీటిలో గరిష్ఠంగా కరిగేది సుమారుగా ఇంత:

• 25 డిగ్రీల వద్ద లీటరుకు 8.2 మి.గ్రా.
• 30 డిగ్రీల వద్ద 7.5 మి.గ్రా.
• 35 డిగ్రీల వద్ద 6.9 మి.గ్రా.

అదే సమయంలో చేప అవసరం పెరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చేప శరీరం వాడే ప్రాణవాయువు దాదాపు రెట్టింపు అవుతుంది. అడుగు బురదలో కుళ్లే మేత, పేడ, కోళ్ల ఎరువు కూడా వేడికి త్వరగా కుళ్లి ప్రాణవాయువును లాగేస్తాయి. రాబడి తగ్గింది, ఖర్చు పెరిగింది అన్నట్టుంటుంది చెరువు పరిస్థితి.

చేప బాగా పెరగాలంటే లీటరుకు 5 మి.గ్రా. ప్రాణవాయువు ఉండాలి. 3 కన్నా తగ్గితే ఒత్తిడికి లోనై మేత మానేస్తుంది. 1 మి.గ్రా. దగ్గరకు పడిపోతే మరణాలు తప్పవు. కొర్రమీను, మార్పు వంటివి పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. శీలావతి, బొచ్చె, రూప్‌చంద్ మొప్పల మీదే ఆధారపడతాయి. పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే చెరువు ప్రమాదంలో ఉన్నట్టే.

వల ఏ వేళలో వేయాలి?

తెల్లవారుజామున నీరు చల్లగా ఉంటుంది కాబట్టి అదే మంచి వేళ అని చాలామంది అనుకుంటారు. కానీ రాత్రంతా నాచు, చేపలు, బురద కలిసి ప్రాణవాయువును వాడేయడం వల్ల అది అతి తక్కువగా ఉండేది కూడా తెల్లవారుజామునే. మధ్యాహ్నం ప్రాణవాయువు ఉంటుంది, కానీ వేడి ఎక్కువ. ఈ రెంటి మధ్య, సూర్యుడు వచ్చి నాచు పని మొదలుపెట్టాక, నీరు ఇంకా కాగకముందు, అంటే ఉదయం 7 నుంచి 9 గంటల మధ్య శాంపిల్ చూసుకోవడం మంచిది.

మార్కెట్ కోసం తెల్లవారుజామునే పట్టుబడి చేయక తప్పకపోతే ఇవి పాటించండి:

• ముందు రోజు రాత్రి 10 గంటల నుంచే ఏరియేటర్లు వేయండి. వల లాగుతున్నంతసేపూ, లాగిన తర్వాత కనీసం 2 గంటలూ ఆపవద్దు.
• ముందు రోజు మేత ఆపండి. కడుపు నిండిన చేపకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి.
• ప్రాణవాయువు 4 మి.గ్రా. కన్నా తక్కువుంటే వల వేయవద్దు. చిన్న సైజు చేపను చెరువులోనే ఉంచే పట్టుబడిలో ఇది మరీ ముఖ్యం.
• అడుగు బురద రేగకుండా నెమ్మదిగా లాగించండి. బురద రేగితే విషవాయువులు పైకి వస్తాయి.
• వల కొసలో చేపను కుప్పగా ఎక్కువసేపు ఉంచవద్దు. వదలాల్సిన చేపను ముందు వదిలి, అమ్మే చేపను తర్వాత తీయండి.

శాంపిల్‌కు చెరువంతా వల లాగనవసరం లేదు. మేత సంచుల దగ్గర విసురు వలతో కొన్ని చేపలను పట్టి, నీరున్న టబ్బులోనే ఉంచి, తడి చేతులతో పట్టుకుని తూకం వేయండి. పొడి చేతులతో, పొడి గోనె మీద పట్టుకుంటే పొలుసు మీది జిగురు పోతుంది. జిగురు పోయిన చోట బాక్టీరియా పుండ్లు మొదలవుతాయి. చేప నీటి బయట ఉండే సమయం అర నిమిషం దాటకుండా చూడండి.

పిల్ల రవాణా, వదలడం

• ప్యాక్ చేయడానికి ఒక రోజు ముందు నుంచి పిల్లకు మేత పెట్టకుండా హాపాలో ఉంచమని హేచరీ వారిని అడగండి. లేకపోతే సంచిలో విసర్జన పెరిగి అమ్మోనియా చేరుతుంది.
• సంచిలో మూడో వంతు నీరు, మిగిలిన రెండు వంతులు ప్రాణవాయువు ఉండాలి.
• రాత్రి పూట ప్రయాణం పెట్టుకుని ఉదయానికి చెరువు చేరేలా చూసుకోండి. సంచులపై తడి గోనె కప్పండి.
• సంచి విప్పకుండా చెరువు నీటిలో 15–20 నిమిషాలు తేలనివ్వండి. లోపలి నీటికి, చెరువు నీటికి తేడా 2 డిగ్రీల లోపు ఉండాలి. విప్పాక కొద్దికొద్దిగా చెరువు నీరు కలిపి, ఆలస్యం చేయకుండా వదలండి.
• పెద్ద సైజు పిల్లను లారీ తొట్టెలో తెస్తే, వదిలే ముందు లీటరుకు 20 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో ఒకటి రెండు నిమిషాలు ముంచవచ్చు. తల్లడిల్లితే వెంటనే తీసేయండి. తొట్టెలోనే నీరసంగా ఉన్న పిల్లను ముంచవద్దు.

మబ్బు పట్టిన రోజు మరింత జాగ్రత్త

వారం రోజులు మండిపోయి, ఒక్కసారిగా మబ్బు పట్టి గాలివాన వస్తే ప్రమాదం ఎక్కువ. మబ్బులో నాచు ప్రాణవాయువును తక్కువగా తయారు చేస్తుంది. పైనున్న వేడి నీరు, అడుగునున్న నీరు కలిసిపోయి అడుగు మురికి పైకి వస్తుంది. ఆ రోజు మేత సగానికి తగ్గించండి, లేదా పూర్తిగా ఆపండి. కర్రలకు కట్టిన తవుడు సంచుల్లో మిగిలిన మేతను తీసేయండి. కోళ్ల ఎరువు వేయవద్దు. రాత్రి ఏరియేటర్లు తప్పనిసరి. ఏరియేటర్ లేకపోతే ఇంజనుతో అదే చెరువు నీటిని తోడి ఎత్తు నుంచి చెరువులోకి చిమ్మించినా కొంత మేలు.

అమ్మోనియా, సున్నం

నీటి వేడి, పీహెచ్ పెరిగినప్పుడు అమ్మోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది. 30 డిగ్రీల వద్ద పీహెచ్ 8 ఉంటే అది 7–8 శాతం, పీహెచ్ 9 అయితే దాదాపు 45 శాతం. నాచు దట్టంగా ఉన్న చెరువులో మధ్యాహ్నం పీహెచ్ 9 దాటడం మామూలే. చేప పైకి వచ్చిందని కంగారుపడి ఆ సమయంలో సున్నం చల్లితే పీహెచ్ ఇంకా పెరిగి చేటు చేస్తుంది. ముందు పీహెచ్ చూసి, ఆ తర్వాతే సున్నం సంగతి ఆలోచించండి.

నీటి లోతు, ఉప్పు

వేసవిలో చెరువులో కనీసం 5 అడుగుల నీరు నిలపండి. లోతు తక్కువైతే నీరు అడుగు వరకు కాగిపోతుంది. కొల్లేరు మట్టం పడిపోయినప్పుడు ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీరు ఎగదన్నుతుంది. ఆ వైపు చెరువుల వారు కాలువ నీరు పెట్టే ముందు ఉప్పు శాతం పరీక్షించుకోవాలి. ఉప్పు పెరిగిన నీటిలోనూ ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది.

కొత్తగా చెరువు లీజుకు తీసుకునేవారు ఆ భూమి కొల్లేరు అభయారణ్యం పరిధిలో, అంటే 5వ కాంటూరు లోపల లేదని ముందే నిర్ధారించుకోండి. 2006లో ఆ పరిధిలోని చెరువుల గట్లు కొట్టేసిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే.

రోజూ చేయాల్సినవి

• ఉదయం 5 గంటలకు ఒకసారి, మధ్యాహ్నం 3 గంటలకు ఒకసారి నీటి ఉష్ణోగ్రత, ప్రాణవాయువు, పీహెచ్ చూసి పుస్తకంలో రాయండి. థర్మామీటరు, పరీక్ష కిట్ల ఖర్చు ఒక్క రాత్రి నష్టంతో పోలిస్తే చాలా తక్కువ.
• మధ్యాహ్నం నీరు 33 డిగ్రీలు దాటే రోజుల్లో అత్యవసరమైతే తప్ప వల, పిల్ల మార్పిడి పెట్టుకోవద్దు.
• వల వేసిన తేదీ, వేళ కూడా రాయండి. చేప తేలితే ముందు ఆ పేజీ చూడండి. మూడు రోజుల లోపు వల పడి ఉంటే, మందు కొనే ముందు ప్రాణవాయువు పరీక్షించండి.

అనుమానం వస్తే అప్పుడే చనిపోయిన చేపను ఐస్‌లో, చెరువు నీటిని శుభ్రమైన సీసాలో తీసుకుని మీ గ్రామ మత్స్య సహాయకుడిని గానీ, ఉండి మత్స్య పరిశోధన స్థానాన్ని గానీ సంప్రదించండి. కుళ్లిన చేపతో కారణం తేలదు.