పేరు చెప్పని పాట

హ్యూస్టన్ నుంచి కాలేజ్ స్టేషన్ వెళ్ళే దారిలో, హెంప్‌స్టెడ్ దాటాక, నావసోట అనే చిన్న ఊరు తగులుతుంది. టెక్సస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయంలో పిల్లలు చదువుకుంటున్న తెలుగు కుటుంబాలకు ఆ పేరున్న బోర్డు బాగా పరిచయం. అక్కడ కారు ఆపేవారు మాత్రం తక్కువ. జనాభా కొన్ని వేలు మాత్రమే. 1687లో సొంత మనుషుల చేతిలోనే హతుడైన ఫ్రెంచి అన్వేషకుడు లా సాల్ ఈ పరిసరాల్లోనే ప్రాణం విడిచాడన్న నమ్మకంతో ఆయనకు అక్కడ 1930లో విగ్రహం నిలిపారు. ఆ నేల మీదే పుట్టి, ఆ నేలనే దున్నిన ఒక మనిషికి విగ్రహం రావడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది.

2011 ఆగస్టు 12న ఆవిష్కరించిన ఆ కంచు విగ్రహం గుర్రమెక్కిన వీరుడిది కాదు. పార్కు బల్ల మీద కూర్చుని గిటార్ వాయిస్తున్న నల్లజాతి రైతుది. ఆయన పేరు మాన్స్ లిప్స్‌కమ్. పార్కుకూ అదే పేరు.

టెక్సస్‌లో బానిసలకు విముక్తి ప్రకటన 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో వెలువడింది. దాదాపు మూడు దశాబ్దాల తరువాత, 1895 ఏప్రిల్ 9న, లిప్స్‌కమ్ నావసోట దగ్గర పుట్టాడు. తండ్రి చార్లెస్ అలబామాలో బానిసగా పుట్టి, స్వేచ్ఛ వచ్చాక ఫిడేలు వాయించి బతికినవాడు. తల్లి సగం చోక్టా ఆదివాసి. 'మాన్స్' తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. విముక్తి అనే అర్థం గల 'ఇమాన్సిపేషన్' అన్న మాటకు అది కుదింపు. అన్నగారి స్నేహితుడొకడికి ఉన్న ఆ పేరును కుర్రవాడుగా ఉన్నప్పుడే తనకు తానుగా పెట్టుకున్నాడు. ఆ తరువాత అరవై ఏళ్ళ పాటు విముక్తి ఆయన పేరులో ఉన్నంతగా బతుకులో లేదు.

పదకొండో ఏట తల్లి గిటార్ కొనిపెట్టింది. మొదట తండ్రి ఫిడేలుకు తోడుగా, తరువాత ఒంటరిగా, శనివారం రాత్రి విందుల్లో వాయించేవాడు. పత్తి చేలల్లో వారమంతా వంగిన నడుములు ఆ ఒక్క రాత్రి తెల్లవారే దాకా ఆడేవి. బొటనవేలితో మంద్రస్వరాన్ని గుండె కొట్టుకున్నట్టు ఆపకుండా మోగిస్తూ, మిగతా వేళ్ళతో పై తీగల మీద పాటను నడిపించడం ఆయన పద్ధతి. లోకం ఆయన్ను బ్లూస్ గాయకుడని పిలిచింది గాని, ఆయన మాత్రం తనను తాను 'సాంగ్‌స్టర్' అనుకునేవాడు. తెలుగులో దానికి 'పాటగాడు' కంటే మంచి మాట లేదు. కథాగేయాలు, నాట్యగీతాలు, భక్తిగీతాలు, బ్లూస్ అన్నీ కలిపి ఆయన నోటికి వచ్చినవి సుమారు 350. వాటిలో కొన్ని బ్లూస్ అనే ప్రక్రియ పుట్టకముందు నాటివి. బ్లూస్ ఆయన తోటలో ఒక మొక్క మాత్రమే.

బతుకుతెరువు మాత్రం సేద్యం. అదీ పాలుకు చేసే సేద్యం. పొలమూ కంచరగాడిదా విత్తనమూ దొరవి, ఒళ్ళు రైతుది. ఏడాది పొడవునా తిండికీ బట్టకూ దొర దగ్గర అప్పు. పత్తి అమ్మాక లెక్క చూసేది దొర. ఆ లెక్కలో రైతుకు మిగిలేది చాలాసార్లు వచ్చే ఏటికి మోయవలసిన బాకీ. తెలుగు పల్లెల్లో పాలేర్ల కథలు విన్నవారికి ఈ అంకగణితం విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ లెక్కను ప్రశ్నించడం ఎందుకు సాధ్యపడలేదో గ్రైమ్స్ కౌంటీ చరిత్ర చెబుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి దాకా అక్కడి నల్లవారు, పేద తెల్ల రైతులు కలిసి ఓటు వేసి స్థానిక పదవులు గెలిచేవారు. దాన్ని కూలదోయడానికే 'వైట్ మాన్స్ యూనియన్' పుట్టింది. 1900లో జిమ్ కెనార్డ్ అనే నల్లజాతి నాయకుణ్ణి కౌంటీ కేంద్రమైన ఆండర్సన్‌లో కాల్చి చంపారు. పేదల పక్షాన నిలిచిన తెల్ల షెరిఫ్‌ను గాయపరచి కౌంటీ వదిలి పోయేలా చేశారు. ఎందరో నల్లవారు మూటాముల్లె సర్దుకుని వలసపోయారు. అప్పటికి మాన్స్ అయిదేళ్ళవాడు. ఆయన పెరిగినదీ, పాడినదీ ఆ నిశ్శబ్దంలోనే.

ఆయన సాగు చేసిన భూముల యజమానుల్లో పేరుమోసినవాడు టామ్ మూర్. తన తల్లినీ భార్యనూ అవమానించిన మేస్త్రీని కొట్టి, లిప్స్‌కమ్ ఆ కమతం వదిలి కొంతకాలం దాక్కోవలసి వచ్చింది. మూర్ కమతం మీద అప్పటికే ఒక పాట ఆ చుట్టుపక్కల నోటినోటా తిరుగుతుండేది. ప్రసిద్ధ గాయకుడు లైట్నిన్ హాప్కిన్స్ 1940ల చివర దాన్ని రికార్డు చేసినప్పుడు, దొర పేరు 'టామ్' కాస్తా 'టిమ్' అయింది. ఒక్క అచ్చు మార్పు వెనక ఎంత భయముందో ఊహించవచ్చు.

1956లో లిప్స్‌కమ్ హ్యూస్టన్ వెళ్ళి కలప సంస్థలో పనిచేశాడు. అక్కడ పనిలో ప్రమాదం జరిగింది. నష్టపరిహారంగా వచ్చిన సొమ్ముతో నావసోట తిరిగివచ్చి, కొద్దిపాటి నేల కొని, సొంత ఇల్లు కట్టుకున్నాడు. అరవై దాటాక మొదటిసారి తనదైన నేల దక్కింది. అదీ ఒంటికి తగిలిన దెబ్బకు వెలగా.

1960 వేసవిలో ఇద్దరు పాటల వేటగాళ్ళు ఆ ఊరికి వచ్చారు. ఒకరు హ్యూస్టన్‌కు చెందిన మాక్ మెకార్మిక్. రెండోవారు, యుద్ధానంతరం జర్మనీ నుంచి వలస వచ్చి కాలిఫోర్నియాలో బడిపంతులుగా ఉన్న క్రిస్ స్ట్రాక్‌విట్జ్. స్ట్రాక్‌విట్జ్ తరువాత చెప్పిన కథనం ప్రకారం, మంచి గిటారిస్టు ఎవరని వారు వాకబు చేసింది సాక్షాత్తూ టామ్ మూర్‌నే! ఆయన రైలు స్టేషన్లో 'కొయ్యకాలు' అన్న మారుపేరున్న మనిషిని అడగమన్నాడు. కొయ్యకాలు మాన్స్ పేరు చెప్పాడు. రోడ్డు పక్క గడ్డి కోసే బృందానికి మేస్త్రీగా పని ముగించుకుని ఇంటికి వచ్చిన అరవై అయిదేళ్ళ మనిషి ఆ రాత్రి తన ఇంట్లోనే మైకు ముందు కూర్చున్నాడు. ఆ పాటలే స్ట్రాక్‌విట్జ్ కొత్తగా పెట్టిన ఆర్హూలీ సంస్థకు తొలి రికార్డు అయ్యాయి. మొదట అచ్చు వేసినవి 250 ప్రతులు.

మూర్ కమతం పాట కూడా ఆయన పాడాడు. అది తరువాత ఒక సంకలనంలో వచ్చింది, గాయకుడి పేరు లేకుండా. దొర ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. పాటగాడి ఇల్లూ భార్యాబిడ్డలూ ఊళ్ళోనే ఉన్నారు. విశ్వవిద్యాలయాల్లో కూర్చుని నిరసన గీతాలను కొనియాడేవారికి ఈ వెనుకంజ పిరికితనంగా కనిపించవచ్చు. అక్కడ కాపురమున్నవాడికి అది ఇంగితం.

1961లో బర్కిలీ జానపద ఉత్సవంలో ఆయన పాడాడు. 1960కి ముందెన్నడూ రికార్డు చేయని మనిషి ముందు, తన మనవల వయసు తెల్ల విద్యార్థులు వేలల్లో కూర్చుని విన్నారు. 1971లో లెస్ బ్లాంక్ ఆయనపై డాక్యుమెంటరీ తీశాడు. ఎంత పేరొచ్చినా నివాసం నావసోటే. 1974లో పక్షవాతం వచ్చింది. 1976 జనవరి 30న ఆ ఊరి ఆసుపత్రిలోనే కన్నుమూసి, రెస్ట్ హేవెన్ శ్మశానంలో విశ్రమించాడు.

ఊరు ఆయన్ను తలచుకోవడం మెల్లగా మొదలైంది. ఆయన స్మృతిలో బ్లూస్ ఉత్సవం వెలసింది. 2005లో టెక్సస్ శాసనసభ నావసోటను రాష్ట్ర బ్లూస్ రాజధానిగా ప్రకటించింది. ఇందులో పర్యాటకుల రాబడి మీద ఆశ కూడా ఉంది, దాచవలసిన పని లేదు. ఉత్సవాలకు శనివారం రాత్రి విందుల పాటగాడు ఇట్టే ఒదుగుతాడు. మేస్త్రీని కొట్టి పారిపోయిన పాలికాపు అంత సులువుగా ఒదగడు. అయినా, పేరు బయటపెట్టుకోలేకపోయిన చోటే ఆ పేరు ఇప్పుడు పార్కుకు ఉంది.

శిల్పి సిడ్ హెండర్సన్ విగ్రహాన్ని మలచిన తీరు చూడదగినది. బల్ల మీద మాన్స్ పక్కన చోటు వదిలాడు. వచ్చినవారు తమ గిటార్ తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుని వాయించుకోవచ్చు.