మసీదు ఖర్చుకు కట్టిన సరాయి

ఇస్తాంబుల్‌లో ఒట్టోమన్ సుల్తాన్ రెండో బయజీద్ పేరున్న మసీదు 1506లో పూర్తయింది. దాన్ని పోషించాల్సిన ఆదాయం మాత్రం అంతకు పదిహేనేళ్ల ముందే సిద్ధమైంది. అదీ ఇస్తాంబుల్‌లో కాదు, మర్మరా సముద్రానికి అవతల ఉన్న బుర్సాలో. ఆ ఆదాయం తెచ్చే సరాయి పేరే కోజా హాన్.

బుర్సానే ఎందుకంటే, ఇరాన్ పట్టు అక్కడికే వచ్చేది. కాస్పియన్ తీరంలోని గీలాన్ నుంచి బిడారులు మోసుకొచ్చిన ముడిపట్టును ఇటలీ వర్తకులు అక్కడే కొనేవారు. అంత సరుకు దిగే ఊళ్లో తాళం పడే గదికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. అద్దె గదులు కట్టి, వాటి రాబడిని మసీదుకు వక్ఫు రాయడం ఆ వంశానికి కొత్తేమీ కాదు. అదే బజారులో 14వ శతాబ్దంలోనే ఒట్టోమన్ పాలకుడు ఓర్హాన్ ‘ఎమీర్ హాన్’ అనే సరాయి కట్టించాడు.

శిల్పి అబ్దుల్ ఉలా బిన్ పులాద్ షా 1490లో కోజా హాన్ పని మొదలుపెట్టి మరుసటి ఏడే ముగించాడు. రాయీ ఇటుకా కలిపి కట్టిన రెండంతస్తుల్లో సుమారు 95 గదులు, వాటి ముందు కమానుల వసారాలు, నడుమ పెద్ద వాకిలి. కింద సరుకు, పైన వర్తకుడు. పశువులకూ సామానుకూ తూర్పున మరో ఆవరణ. వీధి వైపు మాత్రం రాతి చెక్కడాలతో, నీలి పలకలతో ఘనమైన సింహద్వారం పెట్టాడు. కిరాయికిచ్చే కట్టడానికి అంత సోకు దేనికంటే, కట్టించింది సుల్తాన్ అని దారిన పోయేవాడికి తెలియాలిగా!

నన్ను ఆకట్టుకునేది మాత్రం వాకిలి మధ్యనున్న చిన్న మసీదు. ఎనిమిది పలకల ఆ గది స్తంభాల మీద నిలబడి ఉంటుంది. కింద వజూకు, అంటే ప్రార్థనకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, నీళ్ల తొట్టి; పైకి మెట్లు. ప్రార్థన కోసం వర్తకుడు సరుకును వదిలి బజారులోకి పోనక్కర్లేదు. నేల మీద చోటూ పెద్దగా పోలేదు. భక్తినీ బేరాన్నీ ఇంత పొదుపుగా ఒకచోట ఇమిడ్చిన కట్టడాలు అరుదు.

1514లో బయజీద్ కొడుకు, సుల్తాన్ మొదటి సెలీమ్ ఇరాన్ పట్టు వర్తకాన్ని నిషేధించాడు. బుర్సా బజారుకు అది గట్టి దెబ్బ. ఆయన కొడుకు సులేమాన్ ఆ నిషేధం ఎత్తేశాడు. తర్వాతి కాలంలో బుర్సా చుట్టుపక్కల ఊళ్లే పట్టుపురుగులు పెంచడంతో వాకిట్లో పట్టుకాయల సంత సాగింది. కోజా అంటే ఆ కాయే; పేరు అలా వచ్చింది. 2014లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన బుర్సా కట్టడాల్లో ఇదీ ఉంది. ఆ గదుల్లో ఇప్పుడు పట్టు స్కార్ఫులు అమ్ముతున్నారు.