పాస్టరు ఇంట్లో 13 నెలలు



"అమేజింగ్ గ్రేస్" పాట రాసిన జాన్ న్యూటన్ గురించి మీరు విన్నారు. మారుమనస్సు పొందిన మనిషి, బానిసల ఓడకు కెప్టెన్‌గా ఉండి ఆ తర్వాత పాస్టరైనవాడు. ఆ సాక్ష్యం ప్రసంగానికి బాగా పనికొస్తుంది కాబట్టి మేము దాన్ని వదలం. ఆయన ఇంట్లో 13 నెలలు ఉండిపోయిన ఒక అతిథి సంగతి మాత్రం ఎక్కువగా చెప్పం. "స్వస్థత పొందాడు, హల్లెలూయ" అని ముగించడానికి ఆ కథలో వీలు లేదు.

ఆ అతిథి పేరు విలియం కూపర్. 1731లో ఇంగ్లండులో ఒక పాదిరిగారి ఇంట పుట్టాడు. ఆరేళ్లకే తల్లి చనిపోయింది. బోర్డింగ్ స్కూల్లో ఒక పెద్ద కుర్రాడు అతన్ని ఎంత హింసించాడంటే, వాడి ముఖం ఎత్తి చూసే ధైర్యం లేక బూట్ల బకిల్స్‌ను బట్టి వాడిని గుర్తుపట్టేవాడు. ఆ భయం పెద్దయ్యాకా పోలేదు. 1763లో పార్లమెంటులో మంచి ఉద్యోగం చేతికందబోతుండగా, దానికోసం ప్రభువుల సభ ముందు నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పాల్సి వచ్చింది. ఆ తలంపుకే తట్టుకోలేక ప్రాణం తీసుకోబోయాడు. మతిస్థిమితం తప్పినవారిని చూసే డాక్టర్ కాటన్ దగ్గర చేర్చారు. అక్కడే 1764లో రోమా 3:25 చదువుతుండగా రక్షణానందం పొందాడు.

తర్వాత మేరీ అన్విన్ అనే విధవరాలి కుటుంబంతో కలిసి ఓల్నీ అనే చిన్న ఊరికి వచ్చాడు. అక్కడి పాస్టరు న్యూటన్. పెరళ్లు దగ్గర దగ్గర. ఇద్దరూ కలిసి కీర్తనలు రాయడం మొదలుపెట్టారు.

1773 జనవరి 1న న్యూటన్ 1 దినవృత్తాంతములు 17వ అధ్యాయం మీద ప్రసంగించాడు. "అమేజింగ్ గ్రేస్" ఆ ఆరాధన కోసం రాసిన పాటే. అదే నెలలో కూపర్ మళ్లీ కుప్పకూలిపోయాడు. దేవుడు తనను శాశ్వతంగా విడిచేశాడని నమ్మాడు. ఆ తర్వాత చనిపోయేవరకు గుడిలో ఆరాధనకు వెళ్లలేదు. 1779లో అచ్చయిన ఓల్నీ కీర్తనల్లో 60కి పైగా ఆయనవే. జనం గుడిలో వాటిని పాడుతుంటే, రాసిన మనిషి ఇంట్లో కూర్చుని ఉన్నాడు.

నేను అక్కడ ఉంటే ఏమనేవాడినో నాకు తెలుసు. "అన్నా, నీ విశ్వాసం తగ్గింది, ఉపవాసం ఉండు" అనేవాడిని. మన సంఘంలో కొందరితో ఆ మాట అన్నాను కూడా. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాకు దూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడన్న సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదు.

ఆ ఏప్రిల్‌లో ఊళ్లో సంత. కూపర్ ఇల్లు సంతవీధిలోనే. ఆ గోల భరించలేక పాస్టరుగారింటికి వచ్చి, ఇక కదలనన్నాడు. మేరీ అన్విన్ కూడా ఆయన వెంట వచ్చింది. 1774 మే వరకు ఉన్నారు. న్యూటన్‌కు విసుగు రాలేదని కాదు. తన మనసు అప్పుడప్పుడు తిరగబడిందని ఆయనే ఒప్పుకున్నాడు. పాస్టరమ్మగారి ఓర్పు గురించి ఎవరూ పుస్తకం రాయలేదు గానీ, వంటిల్లు ఆమెదే కదా!

ఇంటికి తిరిగి వెళ్లాక కూపర్‌కు ఎవరో ఒక కుందేలు పిల్లను ఇచ్చారు. అలా మూడయ్యాయి. వాటికి గూళ్లు తనే చేశాడు. మొక్కలు పెంచాడు. మేరీ పద్యాలు రాయమని వెంటపడింది. 1780లో న్యూటన్ లండన్ సంఘానికి వెళ్లిపోయినా ఉత్తరాలు ఆగలేదు. సభ ముందు నోరు పెగలని ఆ మనిషి రాసిన "ది టాస్క్" 1785లో అచ్చయి దేశమంతా చదివింది. అయినా దేవుడు తనను విడిచాడన్న తలంపు ఆయన్ని విడవలేదు. ఈ మాట దాచి చెబితే అబద్ధమవుతుంది.

చివరి సంవత్సరాల్లో మేరీకి పక్షవాతం వచ్చింది. మాట తడబడింది, చేతులు పనిచేయలేదు. అన్నేళ్లు తనను కనిపెట్టుకుని ఉన్న ఆమెకు ఇప్పుడు కూపర్ సేవ చేశాడు. తన చీకటి తనకు ఉండగానే చేశాడు. ఆమె 1796లో, ఆయన 1800లో ప్రభువు సన్నిధికి చేరారు.