ఆవపు లోపూత చరిత్రము

కుమ్మరి కౌశలమును గూర్చి వ్రాయువారు సారెను, చేతి నేర్పును కొనియాడుదురు గాని ఆవపు గోడను తలచువా రరుదు. కుండ యొకమాఱు మంటను చూచి వెలుపలికి వచ్చును. గోడయిటుక యో, ప్రతి కాల్పునను ఆ మంటకు లోనగుచుండును. ఆ యిటుకను కాపాడుటకై పనివారు కనుగొనిన పూతకును ఒక చరిత్ర కలదు.

మన గ్రామములందు పెక్కుచోట్ల ఆవమునకు ఇటుకగోడయే యుండదు. పచ్చికుండలను పేర్చి, పిడకలు, కట్టెలు, గడ్డి కూర్చి, పైని మట్టి మెత్తుదురు. అందలి వేడి సామాన్యముగ 700 మొదలు 900 సెంటిగ్రేడు డిగ్రీల వఱకే యుండును. ఆ మాత్రమునకు మట్టిమెత్తు చాలును. బీటవాఱిన మఱల మెత్తవచ్చును. వేడి 1200 డిగ్రీలను సమీపించినపుడే చిక్కు మొదలైనది.

జర్మనీదేశమున రైనునదీ ప్రాంతపు కుమ్మరులు మధ్యయుగముల చివర, బాగుగ కాగిన ఆవములో ఉప్పు చల్లు పద్ధతిని కనుగొనిరి. ఉప్పు ఆవిరియై, అందలి సోడా మట్టిలోని సిలికాతో కలిసి, పాత్రపై గాజువంటి మెఱుగుగ నేర్పడును. ఇంగ్లండున జాన్ డ్వైట్ అనునతడు 1672లో ఇట్టి గట్టిపాత్రల తయారీకి పేటెంటు హక్కు పొందెను. 19వ శతాబ్దమున నగరముల మురుగునీటి గొట్టములకును ఈ మెఱుగునే పెట్టిరి.

అయితే ఆ యావిరికి పాత్ర యేదో గోడ యేదో తెలియదు. ఇటుకయు మెఱుగెక్కును. కాల్పు వెంట కాల్పుగా ఆ గాజు దళసరియై యిటుకను తినివేయును. కప్పునుండి బొట్లుగ జాఱి మంచి పాత్రలను చెఱుచును. కట్టెల బూడిదలోని క్షారములును ఇంచుమించుగ నిదే పని చేయును. సోడా సిలికాను కరిగించినంత సులభముగ అల్యూమినాను కరిగింపజాలదు. అల్యూమినా 2000 డిగ్రీలు దాటినగాని కరగదు. లోపూత రహస్యమంతయు నిందే యున్నది.

అల్యూమినా సమృద్ధిగల మన్ను చీనమన్ను. చీనాలోని జింగ్‌డెజెన్ చెంతనున్న గావోలింగ్ కొండ పేరే దానికి కెయోలిన్ అను నామమైనది. దంత్రకోల్ అను ఫ్రెంచి మతగురువు 1712లో వ్రాసిన లేఖ యచ్చటి పింగాణీ పనిని ఐరోపాకు తెలిపెను. శుద్ధమైన కెయోలినులో అల్యూమినా నూటికి 39 పాళ్లకు పైగా నుండును. అంతకంటె శుద్ధమైన అల్యూమినాను చౌకగ తీయు మార్గమును కార్ల్ జోసెఫ్ బేయర్ 1888 ప్రాంతమున కనుగొనెను. ఆయన పని మొదట నూలుబట్టల అద్దకమునకై యుద్దేశింపబడినది. ఫలము కుమ్మరికిని దక్కినది!

చీనమన్ను, అల్యూమినా సమభాగములుగ కలిపి, నీటితో మీగడవలె చేసి కుంచెతో పూయుట వాడుక. పొడియిటుక నీటిని ఒక్కపెట్టున పీల్చుకొనుటచే పూత నిలువదు. కావున ముందుగ తడుపవలయును. దళసరిగ పూసిన పెచ్చులూడును. చీనమన్నులో సగమును కాల్చి పొడిచేసి కలిపిన, ఆఱునపుడు కుదింపు తగ్గును. ఉప్పు చల్లని ఆవములలో కప్పునకు పూయకుండుటయే మేలని నా యభిప్రాయము. ఊడిన పెచ్చు పడునది పాత్రల మీదనే కదా. ఉప్పు ఆవమున కైతే ఇటుక క్రొత్తగ నున్నపుడే పూయవలయును. ఒకమాఱు మెఱుగెక్కిన యిటుకకు పూత సరిగ నంటదు.

మనవారిలో జాడీలు, పింగాణీ పాత్రలు చేయగోరి, అప్పుచేసియైనను ఇటుకయావము కట్టువారు గలరు. గోడ చెడిన పెట్టుబడి మునుగును. ద్వారకాతిరుమల ప్రాంతమున తెల్లమన్ను దొరకును; ఒడిశాలోని దామన్‌జోడి కర్మాగారమున బాక్సైటునుండి అల్యూమినా తీయబడుచున్నది. అయితే తెల్లగ నున్న ప్రతి మన్నును వేడికి నిలువదు. ఇనుము, సున్నము కలిసిన మన్ను త్వరగ కరగును. కావున ఏ మన్నునైనను ముందొక యిటుకముక్కకు పూసి, కాల్పులో మంట తగులు చోట నుంచి, చల్లారిన పిదప గోటితో గీచి చూడవలయును.