కాగితం ఉన్న తుపాకి

హైదరాబాద్‌లో ధూల్‌పేట్ అనగానే మనకు వినాయక విగ్రహాలు, సంక్రాంతి ముందు గాలిపటాలు గుర్తొస్తాయి. పక్కనే జుమ్మేరాత్ బజార్. గురువారం వచ్చిందంటే అక్కడ ఇత్తడి సామాను, ఆగిపోయిన గడియారాలు, పాత రేడియోలు నేలమీద పరుచుకుంటాయి. పాతబస్తీ ఇళ్లలోంచి బయటపడ్డ సామానుకు అక్కడ ఏదో ఒక ధర పలుకుతుంది. తాతల నాటి తుపాకికి మాత్రం ఆ అంగట్లో చోటు లేదు, ఉండకూడదు కూడా. అదే తుపాకి అమెరికాలో ఉంటే ఆన్‌లైన్ వేలంలో లక్షల డాలర్లు పలకొచ్చు. ఇంత తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే తుపాకి చరిత్ర, మన ఊరి చరిత్ర, రెండు దేశాల చట్టాలు కలిపి చదవాలి.

ముందు తుపాకి సంగతి. నేను చెప్పేది లీవర్ యాక్షన్ రైఫిల్ గురించి. అందులో ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప చట్రమే కిందికి సాగి పిడిలా ఉంటుంది. దాన్ని కిందికి తోస్తే కాల్చిన తూటా గొట్టం బయటికి ఎగిరిపడుతుంది, సుత్తి వెనక్కి వంగి సిద్ధమవుతుంది. పైకి లాగితే కొత్త తూటా గదిలోకి వెళ్తుంది. భుజం మీంచి దించకుండానే మళ్లీ కాల్చొచ్చు. 1860లో వచ్చిన హెన్రీ రైఫిల్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. 1866లో వించెస్టర్ కంపెనీ తూటాలు నింపడానికి పక్కన చిన్న తలుపు పెట్టింది. 1877లో ప్లెవ్నా దగ్గర తుర్కీ సైనికులు ఈ రైఫిళ్లతో రష్యన్లను నిలువరించాక యూరప్ సేనాధిపతులందరి చూపూ వీటి మీద పడింది. 1873 నమూనా, జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన 1886, 1894, 1895 నమూనాలే నేటి సేకర్తలు వెతికేవి. గొట్టం కింద తూటాలు ఒకదాని వెనక ఒకటి నిలబడే పాత నమూనాల్లో మొన తేలిన తూటా వాడితే ముందున్నదాన్ని పొడిచి పేల్చే ప్రమాదం ఉంది. అందుకే వాటికి మొన చదునుగా ఉన్న తూటాలు వాడేవారు. 1895 నమూనాలో తూటాల పెట్టె అడుగున రావడంతో ఆ భయం పోయింది.

మన ఊరికి తుపాకి కొత్త కాదు. 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ రెండో నిజాం కొలువులో ఫిరంగుల కార్ఖానా పెట్టాడు. నేటి గన్‌ఫౌండ్రీకి ఆ పేరు అలా వచ్చిందే. 1798 అక్టోబరులో ఇంగ్లిషువాళ్లు రేమండ్ నడిపిన ఫ్రెంచి దళాలను నిరాయుధం చేశారు. 1857 జులై 17న బేగంబజారుకు చెందిన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో జనం బ్రిటిష్ రెసిడెన్సీ మీద పడ్డారు. అప్పటినుంచి ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉందన్నదే పాలకుల దిగులు. బ్రిటిష్ ఇండియాలో 1878 ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. ఆ అవమానం మన పెద్దలు మర్చిపోలేదు.

హైదరాబాద్ రాజ్యానిది వేరే లెక్క. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా పులివేటకు పేరుపొందినవాడు. ఆయన వేటలను రాజా దీన్ దయాళ్ ఫొటోలు తీశాడు. ఆ రోజుల్లో కలకత్తా, మద్రాసు దుకాణాల నుంచి వేట తుపాకులు దేశమంతా వెళ్లేవి. అయితే .450 బోరు తూటాలు తిరుగుబాటుదార్ల పాత మార్టినీ తుపాకులకు పనికొస్తాయన్న భయంతో ఆ బోరును మన దేశంలోకి రానివ్వలేదు. దాంతో 1907 ప్రాంతంలో ఇంగ్లండు కంపెనీలు .465, .470 లాంటి కొత్త బోర్లు తెచ్చాయి. పాలకుల భయం తుపాకి గొట్టం కొలతనే మార్చేసింది! అలాగే 1895 వించెస్టర్ కొన్ని .303 బోరులో కూడా తయారైంది. సైన్యం వాడిన బోరు గనక అలాంటిది ఇంట్లో ఉంటే ఇవాళ నిషిద్ధ బోరు కిందికి వస్తుంది.

1948 వచ్చింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు నిజాం కోసం కరాచీ నుంచి బీదరుకు, వరంగల్లుకు విమానాల్లో ఆయుధాలు దింపాడు. పల్లెల్లో తెలంగాణ సాయుధ పోరాట దళాలు భర్మార్లనే నాటు తుపాకులతో పోరాడుతున్నాయి. సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. ఇంట్లో ఏ తుపాకి ఉన్నా అనుమానంగా చూసే కాలం అది. ఎవరి తుపాకి ఎక్కడిది, ఎవరు కొన్నారు, ఎవరు బహుమతిగా ఇచ్చారు అన్న కథలు అప్పుడే తెగిపోయాయని నా నమ్మకం. లోహం మిగిలినా కథ పోయింది.

వేలంలో అమ్ముడుపోయేది ఆ కథే. 2016లో అమెరికాలోని రాక్ ఐలండ్ వేలం సంస్థ ఒకటో నంబరు 1886 వించెస్టర్‌ను 12.65 లక్షల డాలర్లకు అమ్మింది. అపాచీ నాయకుడు జెరోనిమోను వెంటాడిన దళనాయకుడు కెప్టెన్ లాటన్‌ది అది. వయోమింగ్ రాష్ట్రం కోడీలోని మ్యూజియంలో వించెస్టర్ కంపెనీ పాత చిట్టాలున్నాయి. సీరియల్ నంబరు చెబితే గిడ్డంగిలోకి ఏ రోజు వచ్చిందీ, గొట్టం ఏ రకమైనదీ ఉత్తరం రాసి ఇస్తారు. 2019లో ఇంగ్లండులోని ఒక ఇంటి అటక మీద దొరికిన టిప్పు సుల్తాన్ తుపాకి 60 వేల పౌండ్లు పలికింది. శ్రీరంగపట్నం నుంచి దాన్ని తెచ్చిన కంపెనీ అధికారి పేరు, ఆ కుటుంబ వరస తెలిసి ఉండటమే దాని బలం.

రెండో బలం పాతదనం. దసరా ఆయుధపూజకు మనం తుపాకిని తళతళలాడేలా తోమి, పసుపు కుంకుమ పెడతాం. భక్తిగా చేసిన ఆ పనే సేకర్త కంట్లో పెద్ద నష్టం. ఫ్యాక్టరీ వేసిన నీలి పూత, నంబరు అంచులు అరిగిపోతే ధర సగానికి సగం పడిపోవచ్చు.

ఇక అమ్మకం సంగతి. 1999లో ఆన్‌లైన్ వేలం సైటు ఈబే తుపాకుల అమ్మకం ఆపేసింది. అదే ఏడాది ప్రత్యేకంగా తుపాకుల కోసం గన్‌బ్రోకర్ అనే సైటు మొదలైంది. అమెరికా చట్టంలో 1898, అంతకు ముందు తయారైనవి పురాతన వస్తువులు. ఆ తర్వాతివి వేరే రాష్ట్రంలో కొన్నవాడికి సాధారణంగా లైసెన్సున్న డీలరు చేతుల మీదుగానే వెళ్లాలి. మన 1959 ఆయుధాల చట్టం తయారైన సంవత్సరం చూడదు. మరమ్మతు చేసినా పేలనిదైతేనే పాత తుపాకికి మినహాయింపు. పేలే వించెస్టర్‌కు ఎన్నేళ్లు నిండినా లైసెన్సు కావాల్సిందే. అమ్మాలంటే కొనేవాడికీ లైసెన్సు ఉండాలి, అతని పేరూ చిరునామా పోలీసులకు రాసివ్వాలి, 45 రోజులు ఆగాలి. వేలంలో నిమిషాల్లో తేలే బేరానికి ఇక్కడ దారి లేదు. 1972 పురావస్తు చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉండి వందేళ్లు దాటిన వస్తువును ప్రైవేటు వ్యక్తి దేశం దాటించకూడదు. 2019 సవరణ ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు దించింది. వారసత్వంగా వచ్చినదీ ఆ లెక్కలోనే పడుతుంది.

ఈ కట్టుదిట్టం అవసరమేనని నేనూ అంటాను. తుపాకి తుపాకే, అది గడియారం కాదు. కానీ వారసుడికి లైసెన్సు రాక పోలీస్‌స్టేషన్లోనో, డీలరు దగ్గరో అప్పగించిన రైఫిల్ వెంట దాని చరిత్ర కూడా వెళ్లాలి. అప్పగించే ముందే ఇంటివాళ్లు సీరియల్ నంబరు, గొట్టం మీది దుకాణం పేరు, కొన్న తాతగారి పేరు, పాత లైసెన్సు నకలు, ఉంటే వేట ఫొటో ఒక కాగితం మీదికి తెచ్చి జత చేయాలి. కమిషనర్ కార్యాలయం ఆ కాగితాన్ని రసీదుతో పాటే భద్రపరచాలి. దిక్కులేని పాత తుపాకులను ధ్వంసం చేసే ముందు సాలార్‌జంగ్ మ్యూజియం నిపుణులకు ఒకసారి చూపాలి.